ఆయన కనిపెట్టిందేముంది? – గౌరిబిదనూరు నుంచి వచ్చిన ఫిజిక్స్ మేష్టారు

మన బ్లాగులో ఇంతవరకూ ఇంటిపేర్ల గురించి, వలసల గురించి, బాగేపల్లి చుట్టుపక్కల మన పాత పొలాల గురించి చాలా రాసుకున్నాం. పెద్దనాన్న రాసిన చెరువుల వ్యాసం చదివి అమెరికాలో ఉన్న పిల్లలు కూడా ఫోన్లు చేశారు. ఈసారి మన వంశంతో నేరుగా సంబంధం లేని మనిషి గురించి రాస్తున్నాను. కానీ మన ఇంట్లో ఈయన పేరు మీద జరిగినన్ని వాదాలు ఇంకెవరి పేరు మీదా జరగలేదు. అందుకే ఈ చోటు ఆయనకు చెందుతుంది అనుకుంటున్నా.

ఆయన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు. బెంగళూరులో అందరూ హెచ్.ఎన్. అనే అంటారు. బసవనగుడి నేషనల్ కాలేజీలో ఫిజిక్స్ మేష్టారు, తర్వాత ప్రిన్సిపాలు, ఆ తర్వాత బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్.

మొన్న మన వాట్సాప్ గుంపులో ఆయన ఫోటో పెడితే, ఐఐటీకి తయారవుతున్న మా మేనల్లుడు ఒక్క ప్రశ్న వేశాడు. "మామా, ఇంతకీ ఈయన కనిపెట్టిందేముంది?" రామన్‌కి ఎఫెక్ట్ ఉంది, బోస్‌కి బోసాన్ ఉంది, ఈయనకేముంది అని వాడి లెక్క. వాడు వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. గుంపులో ఎవరూ జవాబివ్వలేదు. ఒకరిద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఇయ్యాల్సిందే అనిపించింది.

ముందు ఊరి సంగతి. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920 జూన్ 6న ఆయన పుట్టారు. హొస అంటే కన్నడంలో కొత్త, హొసూరంటే కొత్తూరు. తమిళనాడులో ఉన్న హోసూరు వేరు, కలుపుకోవద్దు. అప్పట్లో ఇది కోలారు జిల్లా, 2007 నుంచి చిక్కబళ్లాపుర జిల్లా. మన బాగేపల్లి, ఆ గౌరిబిదనూరు, ఇంకొంచెం పోతే హిందూపురం, ఇదంతా ఒకే నేల. గీత గీసినోళ్లు దీన్ని మైసూరు అన్నారు, దాన్ని మద్రాసు అన్నారు. ఈ పట్టీలో చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. నేను కూడా పదో తరగతి దాకా కన్నడ మీడియమే, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఆయన మనోడా, వాళ్లోడా అని మన పెద్దలు కొందరు ఇప్పటికీ తగువు పడతారు. ఆయన మన వైపు మనిషి, రాసింది కన్నడంలో. ఈ రెండూ చాలు నాకు.

పేద ఇల్లు. ఊళ్లో ఉన్న చదువు అయిపోయాక 1935లో బెంగళూరు నేషనల్ హైస్కూల్లో చేరాలని బయల్దేరినాడు పిల్లోడు. అప్పటికే గౌరిబిదనూరు మీదుగా బెంగళూరుకు రైలుంది. రైలుంటే ఏం లాభం, టికెట్‌కు డబ్బు లేదు. సుమారు 80 కిలోమీటర్లు, రెండు రోజులు నడిచి వచ్చినాడు. ఈ నడక కథ బెంగళూరు బళ్లలో చెప్పీ చెప్పీ అరిగిపోయింది గానీ, కారులో ఆ దారంట పోయినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. దొడ్డబళ్లాపురం దాటేటప్పటికి వాడికి ఆకలెట్లా తీరిందో! పదిహేనేళ్లవాడు కదా.

ఆ బడి గురించి రెండు మాటలు. నేషనల్ హైస్కూలు 1917లో అనీ బీసెంట్ గారి జాతీయ విద్యా ఉద్యమంలోంచి పుట్టింది. ఆమె దివ్యజ్ఞాన సమాజం మనిషి. కంటికి కనపడని లోకాల గురించి రాసినావిడ పూనికతో మొదలైన బడిలో చదివినవాడే, తర్వాత కనపడనివాటిని చూపించమని అడిగిన మనిషయ్యాడు. చరిత్రలో ఇట్లాంటివి మామూలే.

1936 వేసవిలో గాంధీగారు ఆరోగ్యం కోసం నంది కొండ మీద కొన్నాళ్లు ఉండి, తర్వాత బెంగళూరుకు వచ్చారు. ఆయన హిందీలో మాట్లాడితే కన్నడంలో చెప్పిన కుర్రాడు హెచ్.ఎన్. అని చెబుతారు. ఆ తర్వాత ఖద్దరు విడిచింది లేదు. 1938 ఏప్రిల్ 25న ఆయన తాలూకాలోనే విదురాశ్వత్థలో జెండా ఎగరేయడానికి పోగైన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మన వైపు ముసలాళ్లు "అశ్వత్థం కాడ కాల్చినారు" అని ఇప్పటికీ అంటుంటారు కదా, అదే. 1942 వచ్చేసరికి హెచ్.ఎన్. సెంట్రల్ కాలేజీలో ఫిజిక్స్ ఆనర్స్ విద్యార్థి. క్విట్ ఇండియా పిలుపు రాగానే క్లాసులు వదిలేసి జైలుకు పోయినాడు. బెంగళూరు జైలు, తర్వాత పుణె దగ్గర ఎరవాడ. బయటికొచ్చాక మళ్లీ కాలేజీకి పోయి ఆనర్స్, ఎమ్మెస్సీ పూర్తి చేసి, 1946లో నేషనల్ కాలేజీలో లెక్చరరుగా చేరారు. కాలేజీ పెట్టి అప్పటికి ఏడాదే అయింది.

సెంట్రల్ కాలేజీ అన్నాను కాబట్టి ఇంకొకాయన్ని చెప్పుకోవాలి. హెచ్.ఎన్. పుట్టక ముందే, అదే సెంట్రల్ కాలేజీలో బెళ్లావె వెంకటనారణప్ప గారు ఫిజిక్స్ చెప్పేవారు. ఆయన, నంగపురం వెంకటేశ అయ్యంగారు కలిసి 1918 ప్రాంతంలో ‘విజ్ఞాన’ అనే కన్నడ మాసపత్రిక నడిపారు. సైన్సు మొత్తం ఇంగ్లీషులోనే ఉన్న రోజుల్లో, ఇంగ్లీషు రానివాడికి కూడా సైన్సు అందాలని వాళ్ల పట్టుదల. పత్రిక ఎక్కువ కాలం బతకలేదు. కానీ బెంగళూరులో ఫిజిక్స్ మేష్టార్లకు ఒక అలవాటు పడింది. పాఠం క్లాసురూములో ముగియదు, వీధిలోకి కూడా రావాల్సిందే అని. హెచ్.ఎన్. ఆ దారిలో నడిచినవారే అని నా లెక్క.

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్నకు వద్దాం. పరిశోధన. పదకొండేళ్లు పాఠాలు చెప్పాక, 1957లో ఆయన అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి పోయి న్యూక్లియర్ ఫిజిక్స్‌లో 1960లో పీహెచ్‌డీ తీసుకున్నారు. అప్పటికి నలభై ఏళ్లు. మనలో నలభై ఏళ్లకు ఇంటి లోను తీర్చడం గురించి ఆలోచిస్తాం. ఆయనకు లోనూ లేదు, ఇల్లూ లేదు, పెళ్లీ చేసుకోలేదు. అది వేరే సంగతి.

అప్పట్లో అణుశాస్త్రం అంటే ఎంత గిరాకీ! భాభా గారు ట్రాంబేలో రియాక్టర్లు కట్టిస్తున్న కాలం. ‘అప్సర’ 1956లోనే నడిచింది. న్యూక్లియర్ ఫిజిక్స్‌లో అమెరికా పట్టా ఉన్నవాడికి ఉద్యోగం దొరకదనే మాటే లేదు. ఈయన తిరిగి బసవనగుడికే వచ్చారు. 1961లో నేషనల్ కాలేజీ ప్రిన్సిపాలు అయ్యారు. ఆ తర్వాత ఆయన పేరు మోగింది లాబొరేటరీలోంచి కాదు. పరిశోధకుడిగా ఆయన జీవితం చిన్నది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఆయన అభిమానులు దీన్ని దాటేసి పోతారు. దాటేస్తే మిగతాది అర్థం కాదు అంటాను నేను. ఎందుకంటే, పరిశోధనలో నేర్చుకున్న పద్ధతిని ఆయన ఎక్కడికి తీసుకుపోయారన్నదే అసలు కథ.

1962లో బెంగళూరు సైన్స్ ఫోరం మొదలుపెట్టారు. ఏర్పాటు చాలా సాదా. ప్రతి బుధవారం సాయంత్రం నేషనల్ కాలేజీలో ఒక ఉపన్యాసం. డబ్బు కట్టక్కర్లేదు, చీటీ అక్కర్లేదు, ఎవరైనా రావచ్చు. విద్యార్థి, గుమాస్తా, రిటైరైన తాత, గాంధీబజారులో పూలు కొని ఇంటికి పోతూ ఆగిన ఆమె. మాట్లాడేవాళ్లు మాత్రం నిజంగా ఆ పని చేస్తున్నవాళ్లు. బెంగళూరులో శాస్త్రవేత్తలకు కొదవా? టాటా ఇన్‌స్టిట్యూట్, రామన్ ఇన్‌స్టిట్యూట్, హెచ్.ఏ.ఎల్., తర్వాత ఇస్రో. వాళ్లంతా గోడల వెనక ఉన్నారు, వాళ్లను బుధవారం పూట గోడ దాటించడం ఈయన పని. జూలై నెల వస్తే సైన్సు పండగ, రోజూ ఉపన్యాసాలు. ఇట్లా వందలు దాటి వేలల్లోకి పోయింది లెక్క.

మీలో ఎవరైనా ఒక సంఘం నడిపుంటే తెలుస్తుంది. మొదటి సభ పెట్టడం సులభం, నూరో సభ పెట్టడమే కష్టం. వర్షమొచ్చినా, మాట్లాడాల్సినాయన రాకపోయినా, వచ్చినవాళ్లు పన్నెండు మందే అయినా, బుధవారం బుధవారమే. మన తెలుగు సంఘం ఉగాది సభ ఏడాదికొకసారి పెట్టడానికి మనం ఎన్ని కమిటీలు వేస్తామో, ఎంత కొట్లాడుకుంటామో గుర్తు చేసుకోండి.

మా తాత అక్కడికి పోయేవాడు. చామరాజపేటలో ఒక గుడ్డల అంగడిలో లెక్కలు రాసేవాడాయన. బుధవారం అంగడి మూసేదాకా ఆగకుండా, షావుకారును బతిమాలుకుని నడిచి పోయేవాడట. చదివింది ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు ఉపన్యాసం సగం అర్థమయ్యేది కాదు. "మరి ఎందుకు పోతావు తాతా?" అని మా నాన్న చిన్నప్పుడు తన తాతను కాదు, తండ్రినే అడిగినాడట – మా ఇంట్లో నాన్నను కూడా తాతా అనే పిలిచేవాళ్లు లెండి. దానికాయన, "కడాకు ప్రశ్నలడుగుతారు రా. చిన్న పిల్లోడు లేసి పెద్ద సైంటిస్టును అడుగుతాడు. ఆయప్ప కోపం చేసుకోకుండా చెప్తాడు. అది చూసేదానికి పోతా" అన్నాడట. అంగడిలో షావుకారును ఎదురు ప్రశ్న అడిగే వీలు లేని మనిషికి అది ఎంత పెద్ద సంగతో నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

1972లో హెచ్.ఎన్. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అయ్యారు. 1977 దాకా ఉన్నారు. జ్ఞానభారతి ఆవరణలోకి విశ్వవిద్యాలయం మారింది ఆ కాలంలోనే. సంగీతం, నాట్యం, నాటకం చదువుకోడానికి విభాగం వచ్చిందీ అప్పుడే. సైన్సు మనిషి, ఖద్దరు మనిషి అంటే మనకు ఎండిపోయినట్టుంటాడని అనిపిస్తుంది గానీ ఆయన కళలంటే చెవి కోసుకునే రకం. ఇది తొందరగా చెప్పి వదిలేస్తున్నా, ఎందుకంటే మన ఇంట్లో గొడవంతా 1976 గురించి.

ఆ ఏడాది ఆయన వైస్ చాన్సలర్ హోదాలో ఒక సంఘం వేశారు. మహిమలను, పరీక్షించడానికి వీలున్న మూఢనమ్మకాలను విచారించే సంఘం. ఆయనే అధ్యక్షుడు. రకరకాల రంగాలవాళ్లు డజను మంది దాకా సభ్యులు. ఒక విశ్వవిద్యాలయం ఇట్లాంటి పని నెత్తికెత్తుకోవడం మన దేశంలో అరుదు. పైగా ఎమర్జెన్సీ రోజులు, నోరెత్తితే ఏమవుతుందో తెలియని కాలం.

ఆ సంఘం పాండవపురకు పోయింది, మండ్య జిల్లాలో. అక్కడ ఏడేళ్ల పిల్లోడు చేతుల్లోంచి విభూతి రాలుస్తున్నాడని జనం తండోపతండాలుగా పోతున్నారు. సంఘం వాళ్లు దగ్గరగా చూస్తే విభూతి బనియన్‌లో దాచి ఉంది. నాకు ఆ కథలో జాలేసేది పిల్లోడి మీదే. వాడికేం తెలుసు? పెద్దవాళ్లు కట్టిన వేషం. ఈ రోజు ఆయనకు యాభై ఏళ్లు దాటి ఉంటాయి, అందుకే పేరు రాయడం లేదు.

అసలు గొడవ పుట్టపర్తి గురించి. పుట్టపర్తి మనకు దూరమా? బాగేపల్లి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. సత్యసాయి బాబా గారు మాట్లాడేది మన తెలుగే, మా అవ్వ మాట్లాడే తెలుగే. మా అవ్వ పూజ గదిలో బాబా పటం వెంకటరమణ స్వామి పక్కనే ఉండేది. హెచ్.ఎన్. 1976 జూన్, జూలై నెలల్లో బాబాగారికి మూడు ఉత్తరాలు రాశారు. మీరు గాలిలోంచి వస్తువులు తెప్పిస్తారని లక్షల మంది నమ్ముతున్నారు, మా సంఘం ముందు, మేము చెప్పిన షరతుల్లో చేసి చూపించండి అని. ఉత్తరాలకు జవాబు రాలేదు. బాబాగారు ఆ సెప్టెంబరులో ‘బ్లిట్జ్’ సంపాదకుడు కరంజియాకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, సైన్సు ఇంద్రియాలకు అందేవాటి వరకే విచారించాలి, ఆధ్యాత్మికం దానికి పైది అన్న అర్థంలో చెప్పారు.

అందరూ చెప్పుకునేది గుమ్మడికాయ మాట. విభూతి, ఉంగరం, గొలుసు ఎందుకు, ఒక గుమ్మడికాయ తెప్పించమనండి అన్నారు హెచ్.ఎన్. జనం నవ్వుకున్నారు. మా తాతైతే ఇంట్లో అన్నం తింటూ "గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు" అన్న సామెత ఎత్తాడట. ఆ రోజు ఆయనకు చారు వడ్డించకుండా అవ్వ లేచిపోయింది.

నవ్వు పక్కన పెట్టి చూస్తే గుమ్మడికాయ మంచి పరీక్ష. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాము చెప్పినట్టు పనిచేస్తుందా లేదా అని చూసి చెప్పడం. రాసినవాడు ఎప్పుడూ "నా మిషన్‌లో బాగా నడుస్తోంది కదా" అంటాడు. అబద్ధం చెప్పడు పాపం, నిజంగానే వాడి మిషన్‌లో నడుస్తుంది. మా పని దాన్ని ఇంకో మిషన్‌లో, వాడు ఊహించని ఇన్‌పుట్ ఇచ్చి నడిపించడం. ఉంగరం వచ్చిందంటే రెండు కారణాలు ఉండొచ్చు: శూన్యంలోంచి వచ్చింది, లేదా చేతిలోంచి వచ్చింది. ఉంగరంతో ఈ రెండింటినీ విడదీయలేం. గుమ్మడికాయ చేతిలో దాగదు. కాబట్టి అది వస్తే రెండో కారణం కొట్టుకుపోతుంది. ఒక్క కూరగాయతో ఒక కారణాన్ని తీసేయగలిగితే ఆ పరీక్ష రాసినవాడికి నేను ఫుల్ మార్కులేస్తాను. బాబాగారిని అవమానించడానికి అన్నారని అప్పట్లో చాలామందికి కోపమొచ్చింది. అవ్వకు కూడా. కానీ షరతు ఇద్దరికీ న్యాయంగానే ఉంది, గుమ్మడికాయ వచ్చుంటే ఓడిపోయేది హెచ్.ఎన్.

ఆయన చదివింది న్యూక్లియర్ ఫిజిక్స్ అని మర్చిపోకూడదు. పదార్థం, శక్తి ఒకటే అని ఐన్‌స్టీన్ లెక్క. ఒక్క గ్రాము పదార్థం కొత్తగా పుట్టాలంటే కావాల్సిన శక్తి కరెంటు యూనిట్లలో చెప్తే రెండున్నర కోట్ల యూనిట్లు. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇళ్లు ఇరవై వేలుంటే, వాటన్నిటికీ ఏడాది కరెంటు. అది ఒక చిటికెడు విభూతికి. అణుకేంద్రాల్లో ఇంత చిన్న లెక్క తప్పినా ఎందుకు తప్పిందని ఏళ్లతరబడి వెతికే విద్య నేర్చుకుని వచ్చిన మనిషి, చిటికెడు విభూతి ఊరికే వచ్చిందంటే ఎట్లా ఊరుకుంటాడు?

ఇక్కడే నాకు ఎప్పుడూ తెగని చిక్కొకటుంది. సూరి భగవంతం గారు. తెలుగువాళ్లందరం గర్వంగా చెప్పుకునే ఫిజిక్స్ ప్రొఫెసరు. కృష్ణా జిల్లా మనిషి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిన్న వయసులోనే ప్రొఫెసరయ్యారు. గణితంలోని గ్రూప్ సిద్ధాంతాన్ని ఫిజిక్స్‌కు ఎట్లా వాడాలో వెంకటరాయుడు గారితో కలిసి రాసిన పుస్తకం 1948లో వచ్చింది, దేశవిదేశాల్లో చదివారు. ఉస్మానియాకు వైస్ చాన్సలర్, 1957 నుంచి 1962 దాకా మన బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరు, ఆ తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. కనిపెట్టిందేముంది అని ఆయన్ను ఎవరూ అడగలేరు. ఆయన బాబాగారి భక్తులు. బాబాగారి తెలుగు ఉపన్యాసాలను వేదిక మీద పక్కనే నిలబడి ఇంగ్లీషులో చెప్పేవారు.

అవ్వ చేతిలో ఇదే బ్రహ్మాస్త్రం. "అంత పెద్ద సైంటిస్టే నమ్మినాడు. నీ నరసింహయ్య ఆయనకన్నా గొప్పోడా?" తాత దగ్గర జవాబుండేది కాదు. నిజానికి పరిశోధన తూకం వేస్తే నరసింహయ్య గారు భగవంతం గారికి సరితూగరు, ఆ పోలికే తప్పు. కానీ నాకిప్పుడు అనిపించేది ఇది: అవ్వ అడిగింది ఎవరు గొప్ప అని. హెచ్.ఎన్. అడిగింది ఎవరైనా సరే, చూసి చెప్పారా అని. ఎంత పెద్ద సీనియరు రాసిన ప్రోగ్రామైనా టెస్టింగ్‌కు వస్తుంది, ఆయన పేరు చూసి వదిలిపెడితే నా ఉద్యోగం ఉండదు. పెద్ద మనిషి సాక్ష్యం మర్యాదకు పనికొస్తుంది, రుజువుకు పనికిరాదు. భగవంతం గారి మీద నాకున్న గౌరవం ఈ మాటతో తగ్గదు.

అవ్వ వైపు న్యాయం కూడా రాయాలి. తొంభైల్లో సత్యసాయి ట్రస్టు అనంతపురం జిల్లాలో వందల పల్లెలకు తాగునీళ్లు ఇచ్చింది. మన చుట్టాలున్న పల్లెల్లోనూ కొళాయి వచ్చింది. అవ్వ అనేది, "మీ కాలేజాయన ప్రశ్నలిచ్చినాడు, మా సామి నీళ్లిచ్చినాడు. తాగేదానికి ఏది కావల్ల?" ఈ మాటకు ఎదురు చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. నీళ్లు నిజం. ఆ నీళ్లు రావడానికి పైపులేశారు, మోటార్లు పెట్టారు, ఇంజనీర్లు లెక్కలేశారు, గాలిలోంచి తెప్పించలేదు అని మాత్రం మా నాన్న మెల్లగా అనేవాడు, అవ్వకు వినపడకుండా.

ఇంకొక తమాషా. రాజ్యాంగంలో ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవాలి అనే మాట ఉంది కదా, 51ఎ అధికరణంలో. అది చేర్చిన 42వ సవరణ పార్లమెంటులో నెగ్గింది అదే 1976లో, నవంబరులో. అంటే ఢిల్లీలో ఆ వాక్యం రాయక ముందే బెంగళూరులో ఒకాయన దాన్ని పనిగా పెట్టుకుని తిట్లు తింటున్నారన్నమాట. 1977లో ఆయన పదవి ముగియడంతో విశ్వవిద్యాలయంలో ఆ సంఘం కథా ముగిసింది.

ఆయన రాతలు. కన్నడంలో ‘తెరెద మన’ అంటే తెరిచిన మనసు. ‘హోరాటద హాది’ ఆయన ఆత్మకథ. కన్నడ ‘హ’ దగ్గర తెలుగు ‘ప’ పెట్టి చూడండి, హాలు పాలవుతుంది, హులి పులవుతుంది, హోరాట పోరాటమవుతుంది. పోరాటపు దారి. మా బడి లైబ్రరీలో ఇనప బీరువాలో తాళం వేసి పెట్టిన పుస్తకాల్లో ఇవి ఉండేవి, మేష్టారిని అడిగి తీయించుకుని చదివాను. సైన్సు పుస్తకమంటే సూత్రాలుంటాయి అనుకుని తెరిస్తే, అందులో మామూలు మాటలు, చిన్న వాక్యాలు. గ్రహణం రోజు అన్నం తింటే ఏమవుతుంది, రాహుకాలం గడియారానికెట్లా తెలుస్తుంది, ఇట్లాంటి మన ఇంటి సంగతులను సైన్సు వైపు నుంచి చూడటం నేర్పిన రకం రాత. 1995 అక్టోబరు గ్రహణానికి మా అవ్వ ఊరగాయ జాడీల మీద దర్భలు పెట్టింది, నాకు బాగా గుర్తు. దర్భ పెట్టని జాడీ ఒకటి ఉంచి చూద్దామా అని అడగాలన్న ఆలోచనైనా నాకు వచ్చింది ఆ పుస్తకాల తర్వాతే. ఇంగ్లీషులో ఆయన సంపాదకత్వంలో సైన్సు, సైన్సు కానిది, అతీంద్రియం అన్న విషయాల మీద ఒక పెద్ద వ్యాస సంపుటి 1987లో సైన్స్ ఫోరం తరఫున వచ్చింది. సాహిత్యంగా చూస్తే ఆయన రాత గొప్ప రాతేమీ కాదు. చెప్పిందే చెప్తారు, అక్కడక్కడా మేష్టారి బెత్తం కనపడుతుంది. బి.జి.ఎల్. స్వామి గారి వృక్షశాస్త్రం పుస్తకాల్లో ఉండే చమత్కారం ఇక్కడ ఉండదు. చదివినవాడు మాత్రం తర్వాత ఊరికే ఉండలేడు, ఏదో ఒకటి అడిగి తిట్టు తింటాడు.

1984లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆ రోజుల్లోనూ ఆయన ఉన్నది నేషనల్ కాలేజీ హాస్టల్లో ఒక గదిలోనే. వైస్ చాన్సలరుగా పనిచేసిన మనిషి పిల్లల హాస్టల్లో, పిల్లల మధ్య, అయిదు దశాబ్దాలకు పైగా ఉండిపోయారు. తెల్ల పంచె, జుబ్బా, గాంధీ టోపీ. 2005 జనవరి 31న పోయారు.

మేనల్లుడా, ఇక నీ ప్రశ్న. ఆయన పేరుతో ఎఫెక్ట్ లేదు, కణం లేదు. గౌరిబిదనూరు పేరు ఫిజిక్స్ పత్రికల్లో కనపడేది వేరే కారణానికి, అక్కడి రేడియో టెలిస్కోపు వల్ల. వెయ్యి చిన్న ఏంటెన్నాలతో 1976లోనే అక్కడ ఆకాశాన్ని వినడం మొదలుపెట్టారు, నువ్వు ఎప్పుడైనా పోయి చూడాలి. హెచ్.ఎన్. ఆ ఊరికి, మన బాగేపల్లికి చేసింది వేరు. రెండు చోట్లా నేషనల్ కాలేజీలు వచ్చేలా చూశారు. అంతకు ముందు మన వైపు పిల్లలు డిగ్రీ చదవాలంటే బెంగళూరో, అనంతపురమో పోవాలి. మగపిల్లలను పంపేవాళ్లు, ఆడపిల్లలను పంపేవాళ్లు కాదు. మీ అమ్మమ్మ చెల్లెలు, మన ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి ఆడమనిషి, బాగేపల్లి కాలేజీకి పోయింది. పొద్దున పేడ ఎత్తి, పాలు పితికి, బస్సెక్కి పోయేది. ఇంట్లో తెలుగు, కాలేజీలో కన్నడం, పుస్తకంలో ఇంగ్లీషు. ఆమె బాబా భక్తురాలు కూడా, ఇప్పటికీ గురువారం ఒక్క పొద్దే. ఇంటికొచ్చిన జాతకం చెప్పేవాణ్ని మాత్రం "ఏ లెక్కన చెప్పినావు, మళ్లీ వేసి చూపించు" అని ఒకసారి అరుగు మీదే రెండు గంటలు కూర్చోబెట్టింది. వాడు కాఫీ కూడా తాగకుండా పోయినాడు.

బెంగళూరులో ఉన్న మన పిల్లలకు ఒక మాట. సైన్స్ ఫోరం ఉపన్యాసాలు ఇప్పటికీ బసవనగుడి నేషనల్ కాలేజీలో ఉన్నాయి, లోపలికి పోవడానికి డబ్బు అక్కర్లేదు. బుధవారం సాయంత్రం గాంధీబజారు వైపు పార్కింగ్ దొరకదు, మెట్రోలో నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగండి.